పతకం తర్వాతి కొలువు

1980 మాస్కో ఒలింపిక్స్‌లో స్టేడియమంతా ఈలలేసి గోల చేస్తున్నా, పోలండ్ ఆటగాడు వ్లాదిస్లావ్ కొజాకియెవిచ్ పోల్‌వాల్ట్‌లో 5.78 మీటర్లు దాటి ప్రపంచ రికార్డుతో స్వర్ణం గెలిచాడు. 1985లో పశ్చిమ జర్మనీకి వలస వెళ్లాడు. అక్కడా కొన్నాళ్లు పోటీల్లో దిగి, ఆ తర్వాత ఎల్త్సె అనే చిన్న ఊళ్లో బడిపిల్లలకు ఆటలు నేర్పే మాస్టారయ్యాడు.

ఒలింపిక్ విజేత చివరికి డ్రిల్లు మాస్టారా అని జాలిపడేవాళ్లుంటారు. నాకు మాత్రం అతని నిర్ణయం మీద గౌరవం. చేతిలో ఉన్న విద్యకు దగ్గరి పని, పైగా నెల తిరిగేసరికి జీతం.

అందరికీ స్వర్ణాలుండవు. 40 దాటి, పోటీలు మానేసిన ఒలింపిక్ పతక విజేతలకు పోలండ్ ప్రభుత్వం నెలనెలా భృతి ఇస్తుంది. చిన్న క్లబ్బుల్లో ఆడినవాళ్లకు అదీ లేదు. 2004 మే 1న పోలండ్ యూరోపియన్ యూనియన్‌లో చేరగానే బ్రిటన్, ఐర్లాండ్, స్వీడన్ దేశాలు పోలండ్ వాళ్లను పనుల్లోకి రానిచ్చాయి. జర్మనీ 2011 దాకా ఆగింది. గోదాము పని, భవన నిర్మాణం పని తేలిగ్గానే దొరుకుతాయి. చిక్కల్లా ఆ పనుల్లోనే ఉండిపోవడంతో.

అందుకే ఆడుతున్న రోజుల్లోనే తర్వాతి కొలువుకు సన్నాహం మొదలుపెట్టండి. ముందు భాష. జర్మనీలో పిల్లలకు కోచింగ్ ఇవ్వాలంటే సి-శ్రేణి ట్రైనర్ లైసెన్సు పనికొస్తుంది. అది 120 పీరియడ్ల శిక్షణ. ప్రథమ చికిత్స సర్టిఫికెట్టూ కావాలి, నేరచరిత్ర లేదన్న పత్రమూ అడుగుతారు. పాఠాలు జర్మన్‌లోనే జరుగుతాయి కాబట్టి భాష రాకపోతే లైసెన్సు చేతికి రాదు.

మొదట దొరికిన పని చేయడంలో నామోషీ లేదు. అయితే ఆపరేషన్ అయిన మోకాలితో రోజంతా పెట్టెలు మోయకండి. గోదాములోనే ఫోర్క్‌లిఫ్ట్ నడపడం నేర్చుకుని లైసెన్సు తీసుకోండి. జీతమూ కాస్త మెరుగు, కాలికీ విశ్రాంతి. దేశం వదిలే ముందే క్లబ్బు డాక్టరు దగ్గర ఆపరేషన్ కాగితాలు, స్కాన్‌లు తీసుకోండి. క్లబ్బు మూతపడితే మళ్లీ దొరకవు.

బయోడేటాలో ‘పన్నెండేళ్లు హ్యాండ్‌బాల్ ఆడాను’ అని రాస్తే మేనేజరుకు ఏమీ అర్థం కాదు. ‘కెప్టెన్‌గా 16 మంది ప్రయాణాలు, ప్రాక్టీసు వేళలు చూసుకున్నాను, వారానికి మూడు రోజులు పిల్లలకు శిక్షణ ఇచ్చాను’ అని రాయండి. ఆ ఏళ్లను ఖాళీగా మాత్రం వదలొద్దు.

ఆట ఆగాక పొద్దున్నే లేవాలంటే కారణం కనబడదు. అది డబ్బు కంటే పెద్ద కష్టం, ఒంటరిగా దాటాలని చూడకండి. జర్మనీలో ఊరూరా క్రీడాసంఘం ఉంటుంది. వారానికి రెండు సాయంత్రాలు పిల్లలకు నేర్పుతామని అడగండి. వాళ్లిచ్చే కొద్దిపాటి భత్యానికి ఏటా ఒక పరిమితి దాకా పన్ను ఉండదు. పిల్లల్ని దింపడానికి వచ్చే తల్లిదండ్రుల్లో ఒకరికి వర్క్‌షాపు ఉంటుంది, ఇంకొకరు బడిలో పనిచేస్తుంటారు. ఖాళీలున్నాయేమో వాళ్లను అడగండి.