ఆవిరి మాప్‌తో తుడిచిన నేల నమాజుకు పాక్ అవుతుందా?

పసిపిల్లలు, మంచాన పడిన పెద్దలు ఉన్న ఇళ్ళలో ఇది తరచు ఎదురయ్యే సమస్య. బాబు హాల్లో మూత్రం పోస్తాడు. అటు అజాన్ వినిపిస్తూ ఉంటుంది. తల్లి చేతికి దొరికిన గుడ్డతో గబగబా తుడిచి, అక్కడ జానమాజు పరవవచ్చునా, లేదా అన్న సందేహంలో పడిపోతుంది. ఇప్పుడు పట్టణాల్లో కొన్ని ఇళ్ళలోకి ఆవిరితో నేల తుడిచే యంత్రం, అంటే స్టీమ్ మాప్ వచ్చింది. మరుగుతున్న నీటి ఆవిరికి క్రిములే చచ్చిపోతుంటే ఇక నజాసత్ ఎక్కడ మిగులుతుందని కొందరంటారు. బిందెలతో నీళ్ళు పోసి కడగనిదే నేల పాక్ కాదు, ఈ యంత్రాలన్నీ దండగ అని మరికొందరంటారు. రెండు మాటల్లోనూ కొంత నిజముంది, కొంత తొందరపాటూ ఉంది.

ముందుగా ఒక విషయం గ్రహించాలి. మురికి వేరు, నజాసత్ వేరు. దుమ్ము, వంటింటి జిడ్డు, చెప్పులకు అంటుకొచ్చిన మట్టి - ఇవన్నీ మురికే. వీటివల్ల నేల నాపాక్ కాదు. మూత్రం, మలం, కారిన రక్తం వంటివి నజాసత్. కాబట్టి మాసిన గచ్చు పాక్‌గానే ఉండవచ్చు, అద్దంలా మెరిసే టైల్ నాపాక్‌గా ఉండవచ్చు. క్రిములు చావడం వైద్యులు చూసే విషయం. నజాసత్ తొలగిపోవడం షరీఅత్ చూసే విషయం. ఒకటి జరిగినంత మాత్రాన రెండోది జరిగిపోయినట్లు కాదు.

ఇక యంత్రం సంగతి. స్టీమ్ మాప్‌లో చిన్న నీళ్ళ తొట్టి ఉంటుంది. సాధారణంగా అర లీటరుకు అటూ ఇటూగా పడుతుంది. కరెంటుతో నీళ్ళు మరిగి, ఆవిరి కింది పలక రంధ్రాల గుండా బయటికి వస్తుంది. పలకకు తొడిగిన మెత్తని గుడ్డ ఆ ఆవిరికి వేడెక్కి, తడిసి, నేలమీది జిడ్డును కరిగించి తనలోకి పీల్చుకుంటుంది. అంటే నేలను శుభ్రపరిచేది చివరికి ఆ గుడ్డే. ఆవిరి దానికి సహాయం చేస్తుందంతే. మురికి ఎక్కడికీ మాయం కాలేదు, నేలమీది నుంచి గుడ్డలోకి మారింది. ఈ ఒక్క మాట గుర్తుంటే తర్వాతి మసాయిల్ అన్నీ సులువుగా అర్థమవుతాయి.

పచ్చిగా ఉన్న మూత్రం మీద నేరుగా స్టీమ్ మాప్ నడిపితే ఏమవుతుంది? గుడ్డ కొంత పీల్చుకుంటుంది. మిగిలినది ఆ గుడ్డతోపాటే గది పొడవునా సాగుతుంది. జానెడు మేర ఉన్న నజాసత్ గదంతా అవుతుంది. తడి గుడ్డ నాపాక్ అయ్యాక అది తాకిన చోటల్లా దాని తడి అంటుతుంది. ఆవిరి ఎంత వేడిగా ఉన్నా ఈ మాట మారదు. అందుచేత యంత్రం ఉన్న ఇంట్లో జరిగే పెద్ద పొరపాటు ఇదేనని చెప్పాలి.

హదీసు ఏం నేర్పుతోంది?

మస్జిదె నబవీలో జరిగిన ఒక సంఘటనను హజ్రత్ అనస్ (రజి), హజ్రత్ అబూ హురైరా (రజి) ఉల్లేఖించారు. ఎడారివాసి అయిన ఒక అరబ్బు మస్జిదులో ఒక మూల మూత్రానికి కూర్చున్నాడు. జనం అతని మీద కేకలు వేశారు. దైవప్రవక్త (స) వారిని వారించారు, అతణ్ణి మధ్యలో ఆపవద్దన్నారు. పని పూర్తయ్యాక ఆ చోట ఒక పెద్ద బొక్కెన నీళ్ళు పోయమని ఆజ్ఞాపించారు. మీరు సులభం చేయడానికే పంపబడ్డారు, కష్టపెట్టడానికి కాదన్న భావం వచ్చేలా అనుచరులకు బోధించారు. మస్జిదంతా కడగమనలేదు, ఆ చోటు వరకే నీళ్ళు పోయించారు. ఈ సంగతి ఇంటి ఇల్లాలు తప్పక గమనించాలి.

ఆనాటి మస్జిదు నేల మట్టి నేల. పోసిన నీరు నజాసత్‌ను తీసుకుని లోపలికి ఇంకిపోయింది. మన టైల్స్, గ్రానైట్, షాబాదు బండలు అలా ఇంకించుకోవు. పోసిన నీరు పైనే నిలిచి అటూ ఇటూ పారుతుంది. అందుకే ఇక్కడ నీళ్ళు పోయడంతోపాటు ఆ నీటిని తీసివేయడం కూడా అవసరమవుతుంది.

మజ్‌హబ్‌ల మధ్య ఇందులో కొంత భేదం ఉంది. హనఫీ ఫిఖ్హ్ ప్రకారం నేల, నేలలో పాతుకుని ఉన్న ఇటుకలు, బండలు వంటివి ఎండిపోయి, నజాసత్ రంగూ వాసనా లేకుండా పోతే నమాజుకు పాక్ అయిపోతాయి. తయమ్ముమ్‌కు మాత్రం ఆ నేల పనికిరాదు. అలా ఎండిన నేల మళ్ళీ తడిస్తే నజాసత్ తిరిగి వస్తుందా అన్న ప్రశ్నకు, తిరిగి రాదన్న అభిప్రాయమే హనఫీ ఉలమా ఎక్కువగా స్వీకరించినది. షాఫయీ ఫిఖ్హ్‌లో ఎండడం చాలదు, నీళ్ళు పోయవలసిందే. హైదరాబాదు బార్కస్‌లోని అరబ్బు కుటుంబాలవారు, కేరళ, భట్కల్ ముస్లిములు ఈ మజ్‌హబ్‌నే అనుసరిస్తారు. వారి ఇళ్ళకు కోడళ్ళుగా వెళ్ళిన మన అమ్మాయిలు ఈ భేదం తెలుసుకుని ఉంటే అత్తగారితో అనవసరమైన వాదన తప్పుతుంది. నజాసత్‌ను ఏ వస్తువుతో తొలగించినా సరే, అది తొలగిపోతే దాని హుకుమ్ కూడా తొలగిపోతుందని ఇమామ్ ఇబ్నె తైమియా (రహ్మలై) అభిప్రాయపడ్డారు. ఆవిరితో శుభ్రపరచడాన్ని సమ్మతించే నేటి ఉలమా ఈ మాటనే ఆధారం చేసుకుంటారు. అయితే వారు కూడా నజాసత్ నిజంగా పోవాలనే అంటారు, పరచుకుపోతే చాలని ఎవరూ అనలేదు.

భేదాల జోలికి పోకుండా అందరికీ సరిపడే పద్ధతి ఒకటుంది, అందులో కష్టమూ లేదు. పాత గుడ్డతోనో కాగితంతోనో ముందు తడిని పూర్తిగా అద్ది తీసేయాలి. రుద్దితే విస్తరిస్తుంది, అద్దితే పీల్చుకుంటుంది. తర్వాత ఆ చోట చెంబెడు నీళ్ళు పోసి శుభ్రమైన గుడ్డతో తీసేయాలి. ఇలా మూడుసార్లు, ప్రతిసారీ గుడ్డను బాగా కడిగి పిండి గానీ, వేరే గుడ్డతో గానీ చేయాలి. మలం వంటి కంటికి కనబడే నజాసత్ అయితే ముందు అసలు పదార్థాన్ని ఎత్తివేయాలి. ఎంత కడిగినా పోని మరక ఉండిపోతే దోషం లేదు. ఇంతవరకు అయ్యాక స్టీమ్ మాప్ నడపండి. అప్పుడు అది తన పని చక్కగా చేస్తుంది. వాసన పోతుంది, టైల్స్ సందుల్లోని జిడ్డు కరుగుతుంది, నేల కొద్దిసేపట్లోనే ఆరుతుంది.

స్టీమ్ మాప్ గుడ్డ పొరపాటున నాపాక్ అయితే మామూలు బట్టను పాక్ చేసినట్లే మూడుసార్లు కడిగి, ప్రతిసారీ గట్టిగా పిండాలి. ఒకటి హాలుకు, మరొకటి స్నానాల గది బయటి వసారాకు వేరువేరుగా పెట్టుకుంటే ఇంకా మంచిది.

సందేహాల రోగం

కొందరు సోదరీమణుల విషయంలో ఇబ్బంది దీనికి విరుద్ధంగా ఉంటుంది. పిల్లవాడు ఎక్కడైనా తడిపి ఉంటాడేమో అన్న అనుమానంతో పూటపూటకూ ఇల్లంతా తుడుస్తారు. యంత్రం దొరికాక ఇది మరీ ఎక్కువవుతుంది. నిశ్చయంగా తెలిసిన విషయం అనుమానంతో తొలగిపోదన్నది ఫిఖ్హ్‌లోని ప్రసిద్ధ సూత్రం. నేల అసలు స్థితి పాక్‌గా ఉండటమే. నజాసత్ పడిందని తెలిస్తేనే కడగాలి. భూమి అంతా ఈ ఉమ్మత్ కోసం సజ్దా చేసే చోటుగా చేయబడిందని హదీసులో ఉంది కదా! వస్‌వాస్‌కు లోనై నమాజు వేళ దాటబెట్టుకోవడం షైతానుకు సంతోషం కలిగించే పని.

అలాగని నేల తుడవడం చిన్న పని కాదు. మస్జిదె నబవీ ఊడ్చే ఒక నల్లజాతి స్త్రీ చనిపోతే అనుచరులు ఆ విషయం చెప్పకుండానే ఖననం చేసేశారు. దైవప్రవక్త (స) ఆమె ఏమైందని అడిగి, తనకెందుకు తెలుపలేదని ప్రశ్నించి, ఆమె సమాధి వద్దకు వెళ్ళి నమాజు చేశారు. ఆయన (స) ఇంట్లో ఉన్నప్పుడు ఇంటివారి పనుల్లో సాయపడేవారని హజ్రత్ ఆయిషా (రజి అన్హా) చెప్పారు. మోకాళ్ళ నొప్పులతో వంగలేని తల్లి కోసం యంత్రం కొనిచ్చే కొడుకు, శుక్రవారం దాన్ని తానే పట్టుకుని ఇల్లు తుడిస్తే అతని మర్యాదకు వచ్చిన లోటేమీ లేదు.

కొనేవారికి కొన్ని జాగ్రత్తలు. ఈ యంత్రాలు చాలావరకు 1200 నుంచి 1500 వాట్లవి. 1500 వాట్ల యంత్రం ఇరవై నిమిషాలు నడిస్తే అర యూనిట్ కరెంటు అవుతుంది. ఫ్యానుకు, లైటుకు వాడే చిన్న సాకెట్లో పెట్టకండి, గీజరుకు వాడే 16 ఆంపియర్ల సాకెట్ కావాలి. బోరు నీళ్ళు పోస్తే లోపల తెల్లటి పొర పేరుకుని రంధ్రాలు మూసుకుపోతాయి, కాబట్టి ఫిల్టరు నీళ్ళే పోయాలి. ఫినాయిలు, బ్లీచింగు వంటివి తొట్టిలో పోయరాదు, ఆ ఆవిరి పీల్చడం ప్రమాదం. (ఆవిరి మాట అటుంచి, బ్లీచింగు పొడిని బాత్రూం యాసిడ్‌తో కలిపితే క్లోరిన్ అనే విషవాయువు పుడుతుంది. చాలా ఇళ్ళలో రెండూ పక్కపక్కనే ఉంటాయి.) మూత వేడిగా ఉండగా విప్పకూడదు, ప్రెషర్ కుక్కర్ విషయంలో పాటించే జాగ్రత్తే ఇక్కడా. పాకే పిల్లలను దూరంగా ఉంచాలి. విట్రిఫైడ్ టైల్స్‌కు ఇది బాగా పనికొస్తుంది. చెక్క నేలకు, మైనం పాలిష్ వేసిన నేలకు తగదు. మార్బుల్ మీద ఒక మూల పరీక్షించి చూడాలి. క్రిములు చావాలంటే ఒక్కో చోట కాసేపు నిలపాలి, చీపురులా పరుగెత్తిస్తే నేల తడుస్తుందంతే.

నీటి పొదుపు విషయంలో మాత్రం ఈ యంత్రాన్ని మెచ్చుకోవాలి. వేసవిలో ట్యాంకరు కోసం ఎదురుచూసే అపార్ట్‌మెంట్లలో రోజువారీ తుడుపుకు బకెట్ల కొద్దీ నీళ్ళు పోయనక్కరలేదు. దైవప్రవక్త (స) లీటరుకు మించని నీటితో వుజూ ముగించేవారు.

చివరగా తివాచీల సంగతి. నేలకు ఉన్న సడలింపు తివాచీకి లేదు. హనఫీ ఫిఖ్హ్‌లో కూడా అది ఎండినంత మాత్రాన పాక్ కాదు, దానికి బట్ట హుకుమే వర్తిస్తుంది. పైన ఆవిరి పట్టిస్తే పోగుల అడుగున ఉన్న నజాసత్ అక్కడే ఉండిపోతుంది. చిన్నదైతే నీళ్ళు పోసి కడిగి, చుక్కలు పడటం ఆగేవరకు వేలాడదీసి, ఇలా మూడుసార్లు చేయాలి. గదినిండా పరిచి అంటించిన తివాచీ అయితే నజాసత్ పడిన చోట నీళ్ళు పోసి, పీల్చే యంత్రంతో గానీ గుడ్డతో గానీ తీసేస్తూ మూడుసార్లు చేయాలి. అది కుదిరేవరకు ఆ చోటు మీద మందపాటి పొడి జానమాజు పరచి నమాజు చేసుకోవచ్చు, తడి పైకి రాకుండా ఉంటే చాలు.