మన నమూనా రైలుకు ఏ సిగ్నల్?

ప్రదర్శన కోసం సూరత్ స్టేషన్ నమూనా కట్టేటప్పుడు మేం ముచ్చటపడి సిగ్నళ్లన్నీ పచ్చగా వెలిగించాం. ముందు అదే లైన్లో గూడ్స్ బండి నిలబడి ఉంది. లోకో పైలట్ గారి అబ్బాయి ఒకడు చూసి, "సార్, వెనక వచ్చే ఎక్స్‌ప్రెస్ దీన్ని గుద్దేస్తుంది" అన్నాడు. నిజమే. అప్పటిదాకా మాకెవరికీ తట్టలేదు.

రైలు సైకిల్‌లా బ్రేకు వేయగానే ఆగదు. అందుకే ఒక్కో సిగ్నల్ తర్వాతి సిగ్నల్ సంగతి కూడా చెప్పాలి. గూడ్స్ వెనక సిగ్నల్ ఎరుపు: ఆగు. దాని వెనకది ఒక పసుపు: తర్వాతి సిగ్నల్ దగ్గర ఆగడానికి సిద్ధపడు. ఆ వెనకది రెండు పసుపులు: తర్వాతి సిగ్నల్‌ను తగ్గించిన వేగంతో దాటడానికి సిద్ధపడు. ఇంకా వెనకది పచ్చ. ఇలా మార్చి వైర్లు మళ్లీ కలపడానికి రెండు రోజులు పట్టింది.

ఇంకో పొరపాటు, రోడ్డు మీది దీపాల్లాగా ఎరుపును పైన పెట్టడం. రైలు సిగ్నల్‌లో ఎరుపు అన్నిటికంటే కింద, డ్రైవరు కంటికి దగ్గరగా ఉంటుంది. మూడు దీపాలదైతే పైనుంచి పచ్చ, పసుపు, ఎరుపు. స్తంభం సాధారణంగా పట్టాలకు ఎడమవైపు.

కొలతల దగ్గర కొంత రాజీ తప్పదు. 1:87 నమూనాలో కిలోమీటరు దూరం పదకొండున్నర మీటర్లవుతుంది. మా తరగతి గదే అంత పొడవు లేదు. దూరం కుదించాం. ఎత్తు మాత్రం కుదించకూడదు. ఆ లెక్కలో మనిషి సుమారు 19 మిల్లీమీటర్లు. అతని పక్కన పెట్టి చూస్తే సిగ్నల్ ఎత్తు సరిపోయిందో లేదో తెలిసిపోతుంది.

ఒక అమ్మాయి మాత్రం రెక్క సిగ్నలే కావాలని పట్టుబట్టింది. వాళ్లు ఇంతకుముందున్న ఊళ్లో అదే ఉండేదట. కానీ మాది ఇవాళ్టి సూరత్: పైన కరెంటు తీగలు, ప్లాట్‌ఫారం మీద వరంగల్, విజయవాడ మీదుగా చెన్నై వెళ్లే నవజీవన్ ఎక్స్‌ప్రెస్. రెక్క సిగ్నల్ ఇక్కడ పొసగదు. సూరత్ పక్కనే ఉన్న ఉత్రాన్ నుంచి అంకలేశ్వర్‌కు 1860లోనే రైలు నడిచింది. ఆ లైను వేసిన బాంబే, బరోడా అండ్ సెంట్రల్ ఇండియా రైల్వే 1951లో పశ్చిమ రైల్వేలో కలిసింది. ఆ పాత కంపెనీ చివరి రోజుల నమూనా అయితే ఆ అమ్మాయి మాటే నెగ్గేది.

ఈసారి బదిలీ మీద రైలెక్కినప్పుడు మీ పాత స్టేషన్ సిగ్నల్ బొమ్మ గీసుకోండి, ప్లాట్‌ఫారం మీద నిలబడే సుమా. ఆ అమ్మాయి గీసుకొచ్చిన బొమ్మతో బల్ల రెండో చివర, వేరే అట్ట మీద, చిన్న స్టేషన్ కట్టాం. ఊరి పేరు, ఏడు రాసిన చీటీ అంటించాం. రెక్క అడ్డంగా ఉంది. అంటే ఆగు అని.