మధ్యాహ్నం దాకా నిలిచే రోల్: నా అనుభవ పాఠాలు

మొదట పిల్లలకు, తర్వాత మనవలకు పొద్దున్నే క్యారేజీ కట్టడం నా జీవితంలో పెద్ద భాగం. పులిహోర, పప్పన్నం, పెరుగన్నం అన్నీ కట్టాను. చెంచా అక్కర్లేకుండా చేత్తో పట్టుకుని తినే కూరగాయల చపాతీ రోల్ పెట్టిన రోజున మాత్రం డబ్బా తప్పకుండా ఖాళీగా తిరిగొస్తుంది. ఖర్చు తక్కువ, శ్రమా తక్కువే. కొత్తగా డబ్బాలు కట్టడం మొదలుపెట్టిన అమ్మానాన్నల కోసం ఇది రాస్తున్నాను.

1. పొద్దున ఏడింటి రుచి కాదు, పన్నెండున్నర రుచి చూడండి.

కోల్‌కతా కాఠీ రోల్, ముంబై ఫ్రాంకీ పెనం మీంచి నేరుగా తినేవాడి చేతిలోకి వెళతాయి. ఉప్మా పెట్టి మడిచిన మన పెసరట్టూ అంతే, వేడి మీదే దాని రుచి. డబ్బాలో పెట్టే రోల్ ఐదారు గంటలు ఆగాలి. అందుకే హోటలు రోల్‌ను చూసి దించితే ఇంట్లో కుదరదు.

2. రోల్‌కు శత్రువు నీరు.

క్యాబేజీ మీద ఉప్పు పడగానే నీరు వదులుతుంది. కాబట్టి బాణలి బాగా కాలాక నూనె, జీలకర్ర వేసి, సన్నగా తరిగిన బీన్స్, క్యారెట్, ఆ తర్వాత క్యాబేజీ వేసి, మూత పెట్టకుండా పెద్ద సెగ మీద వేయించండి. ఉప్పు, కారం చివర్లో వెయ్యండి. దించిన కూరను వెడల్పాటి పళ్ళెంలో పరిచి ఆరనివ్వండి. ఈ ఆరబెట్టడమే చాలామంది తొందరలో వదిలేస్తారు. వేడి కూర చుట్టి మూత బిగిస్తే ఆవిరి నీరై చపాతీలోకి దిగుతుంది, మధ్యాహ్నానికి అడుగు చిరిగి కూర డబ్బాలో పడుతుంది. టమాటా, కీరదోస, సొరకాయ లోపలికి వద్దు. కీర ముక్కలు కావాలంటే విడిగా చిన్న గిన్నెలో పెట్టండి.

ఇంత చేసినా కాస్త తడి ఉంటుంది. దానికి మన వంటింట్లోనే మందుంది: పొడులు. చపాతీ మీద పలచగా నెయ్యి రాసి, వేయించిన సెనగపప్పు పొడో, పల్లీల పొడో, నువ్వుల పొడో చల్లి, దాని మీద కూర పరవండి. నెయ్యి తడిని చపాతీకి అంటనివ్వదు, పొడి ఆ తడిని పీల్చుకుంటుంది. కూరగాయల్లో తక్కువగా ఉండే మాంసకృత్తులు కూడా పొడితో అందుతాయి. కందిపొడి డబ్బా ఉన్న ఇంటికి సీసాల్లో సాసులు కొనాల్సిన పని లేదని నా గట్టి నమ్మకం.

3. పొడికూరలను మించిన పూర్ణం లేదు.

అరటికాయ ఉడికించి చిదిమి, అల్లం పచ్చిమిర్చి నూరి వేసి పోపు పెట్టిన కూర రోల్ కోసమే పుట్టిందేమో అనిపిస్తుంది. జారదు, కారదు. కంద కూడా అంతే. రాత్రి మిగిలిన దొండకాయ వేపుడును ఫ్రిజ్‌లో పెట్టి, పొద్దున బాణలిలో పొగలు వచ్చేదాకా వేడిచేసి, ఆరాక చుట్టవచ్చు. ముక్కలు పెద్దవైతే చిన్నగా తరగండి. కొరికినప్పుడు కూర అంతా ఒక్కసారిగా బయటికి రాకూడదు.

4. చపాతీ మెత్తదనం పిండి నానడంలో ఉంది.

కప్పు గోధుమపిండికి సుమారు అరకప్పుకు పైగా గోరువెచ్చని నీళ్ళు, చెంచా నూనె. చేతికి అంటీ అంటనట్టు కలిపి, తడిబట్ట కప్పి అరగంట ఉంచండి. పెనం బాగా కాలాకే చపాతీ వేసి త్వరగా తీసెయ్యండి. చిన్న మంట మీద ఎక్కువసేపు ఉంచితే నీరంతా ఎగిరిపోయి గట్టిపడుతుంది. కాల్చినవాటిని ఒకదాని మీద ఒకటి పేర్చి బట్టలో చుట్టి ఉంచి, గోరువెచ్చగా ఉన్నప్పుడే రోల్ చుట్టండి. పూర్తిగా చల్లారిన చపాతీ మడతల దగ్గర పగులుతుంది.

5. జొన్నరొట్టెను బలవంతంగా చుట్టకండి.

గోధుమలో ఉన్న జిగురు జొన్నలో లేదు, అందుకే విరుగుతుంది. కావాలంటే జొన్నపిండిలో సగం గోధుమపిండి కలిపి, వేడినీళ్ళతో ముద్ద చేసుకోండి.

6. చవకదనం కాలంతో వస్తుంది.

చలికాలంలో క్యాబేజీ, క్యారెట్, కాలిఫ్లవర్ ధర దిగుతుంది. ఎండల్లో బీన్స్ కొనలేం, అప్పుడు దొండ, అరటి. 1999లో మొదలైన రైతు బజార్లలో ఆ రోజు ధరలు బోర్డు మీద రాసి ఉంటాయి. అది చూశాక ఏం వండాలో అనుకోండి. ఏం వండాలో ముందే అనుకుని వెళితే సంచీ బరువెక్కకుండానే డబ్బులు అయిపోతాయి. కప్పు పిండి, పావుకిలో క్యాబేజీ, ఒక క్యారెట్ ఉంటే నాలుగు రోల్స్ వస్తాయి.

7. ఎండాకాలం జాగ్రత్త వేరు.

5, 60 డిగ్రీల సెల్సియస్ మధ్య వేడిలో ఆహారంలో క్రిములు త్వరగా పెరుగుతాయి. మన డబ్బా పొద్దుటి నుంచి ఆ మధ్యలోనే ఉంటుంది. ఒంటిపూట బడుల రోజుల్లో పిల్లలు ఇంటికొచ్చి తింటారు, ఆఫీసుకు వెళ్ళేవాళ్ళ సంగతి చూసుకోవాలి. కొబ్బరి, పనీరు, గుడ్డు, మిగిలిన కూర ఆ నెలల్లో రోల్‌లో పెట్టను. అప్పటికప్పుడు చేసిన పొడి వేపుడు, మీద కొంచెం నిమ్మరసం లేదా ఆవకాయ గుజ్జు, అంతే. ఏ కాలంలోనైనా డబ్బా తీసేటప్పుడు వాసన తేడాగా ఉంటే తినవద్దని పిల్లలకు చెప్పి పంపండి, తిండి పారేశావని తిట్టకండి.

8. న్యూస్‌పేపర్లో చుట్టకండి.

అచ్చు సిరా ఆహారంలోకి దిగుతుందని, అది ఆరోగ్యానికి చేటని ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ 2016లోనే హెచ్చరించింది. నిమ్మరసం, పచ్చడి ఉన్న రోల్‌కు అల్యూమినియం ఫాయిల్ కూడా మంచిది కాదు, పులుపు ఆ లోహాన్ని కరిగిస్తుంది. ఉతికి ఆరేసిన నూలుగుడ్డలో చుట్టి స్టీలు డబ్బాలో పెట్టండి.

9. చుట్టే పని పిల్లలకు ఇవ్వండి.

కూర చపాతీకి ఒక పక్కగా పరిచి, కింది అంచు మడిచి, బిగించి చుట్టడం ఎనిమిదేళ్ళ పిల్లలకూ వస్తుంది. తాము చుట్టింది కాబట్టి ఇష్టంగా తింటారు. ఇంట్లో మగవాళ్ళూ ఈ పని నేర్చుకోవాలి, తెల్లవారుజామున వంటింట్లో నిలబడేది ఒక్కరే కాకూడదు. ఈ రాత్రి పడుకునే ముందు బీన్స్, క్యారెట్ తరిగి ఫ్రిజ్‌లో పెట్టుకోండి. పొద్దున వేయించడం, చుట్టడం మాత్రమే మిగులుతాయి.