చెవితో కొనండి

మన్యంలో నవంబరు నుంచి కాఫీ పళ్లు ఏరుతారు. సంక్రాంతి దాటేసరికి చాలా ఇళ్లకు కాస్త డబ్బు అందుతుంది. అప్పులు, బట్టలు, పిల్లల ఫీజులు పోగా మిగిలినదాని మీద డిగ్రీ చదివే కుర్రాడు ఒక కోరిక పెడతాడు: కంప్యూటర్‌కి సబ్‌వూఫర్ ఉన్న స్పీకర్లు కావాలి. రెండు మూడు వేల రూపాయల వ్యవహారం. ఇంట్లో పెద్దవాళ్లకు ఆ వస్తువు గురించి తెలియదు కాబట్టి "నీకు ఏది మంచిదనిపిస్తే అది తెచ్చుకో" అంటారు. బహుశా పూర్తిగా తన చేతికి వదిలేసిన మొదటి నిర్ణయం అతనికి ఇదే. దీన్ని ఎలా తీసుకుంటాడో రేపు కోర్సు ఎంచుకునేటప్పుడూ, ఉద్యోగం ఎంచుకునేటప్పుడూ దాదాపు అలాగే తీసుకుంటాడు. అందుకే స్పీకర్ల సంగతి నాకు చిన్నదనిపించదు.

సాధారణంగా జరిగేదేమిటి? స్నేహితుడి గదిలో ఏదుంటే అదే కొంటాం. లేదంటే డబ్బా మీద ఏ అంకె పెద్దగా కనిపిస్తే అది కొంటాం. అదీ కాకపోతే షాపువాడు ముందు పెట్టినదానికి తలూపుతాం. వినడానికి కొనే వస్తువును వినకుండానే కొని ఇంటికి తెస్తాం.

మన ఊరి డప్పు దగ్గర మాత్రం ఇలా జరగదు. థింసా నాట్యం మొదలయ్యే ముందు డప్పు పట్టుకున్నవాళ్లను దగ్గర నుంచి చూడండి. అరకు లోయ సముద్రమట్టానికి 900 మీటర్లకు పైన ఉంది. చలికాలం మంచుకు తోలు చెమ్మగిల్లి వదులవుతుంది. ఎండుగడ్డి మంట వేసి డప్పును దాని మీద వెచ్చచేస్తారు. ఒక దెబ్బ వేసి వింటారు. చాలదనిపిస్తే మళ్లీ మంటకు పట్టుకుంటారు, అంచు దగ్గరొకటి, నడుమనొకటి వేసి మళ్లీ వింటారు. మోత తేరిందని చెవి చెప్పినప్పుడే లేస్తారు. పక్కవాణ్ణి సలహా అడగరు. అలాంటి ఊళ్లలో పెరిగిన పిల్లలకు ఆ చెవి చిన్నప్పటినుంచే అలవడుతుంది. విశాఖపట్నం వెళ్లి ఏసీ షాపులో నిలబడేసరికి మాత్రం దాన్ని ఎక్కడో వదిలేసినట్టు అయిపోతారు. నన్ను బాధపెట్టేది అదే.

షాపుకు వెళ్లేముందు ఇంట్లో తేల్చుకోవలసింది ఒకటుంది: మీరు వినబోయేది ఏమిటి? పోటీ పరీక్షల పాఠాలు మాత్రమే వింటారా? అయితే సబ్‌వూఫర్ మీకు అక్కర్లేదు. మనిషి మాట అర్థం కావడానికి 300 నుంచి 3,400 హెర్ట్జ్ దాకా వినిపిస్తే చాలని పాత టెలిఫోన్ లైన్లు అంత మేరకే కట్టారు. ఒక జత మామూలు స్పీకర్లో, మంచి ఇయర్‌ఫోన్లో తీసుకుని మిగిలిన డబ్బు పుస్తకాలకు పెట్టుకోవచ్చు. ఊళ్లో ఇటుకల పండుగకు మైదానంలో మోగించాలనా? దానికి కంప్యూటర్ స్పీకర్లు చాలవు. గదిలో, మూడు నాలుగు అడుగుల దూరంలో కూర్చుని వినేవాడి కోసం చేసినవి అవి. పాటలు, సినిమాలు, ఆటలు, మీరే ఫోన్లో రికార్డు చేసుకొచ్చిన థింసా వాద్యాలు వినడం మీ పని అయితే, అప్పుడు సబ్‌వూఫర్‌కి అర్థం ఉంది. ల్యాప్‌టాప్‌లో ఉండే బుల్లి స్పీకర్లు కొన్ని వందల హెర్ట్జ్ దిగువకు వచ్చేసరికి నీరసిస్తాయి. థింసాలో వాయించే తుడుము మోత సగానికి సగం అక్కడే పోతుంది. పోయిన ఆ భాగాన్ని తెచ్చిపెట్టేదే సబ్‌వూఫర్ అనే, కింద పెట్టుకునే పెట్టె.

ఈ సెట్లను 2.1 అంటారు. రెండు అంటే ఎడమ, కుడి చిన్న స్పీకర్లు. పాయింటు తర్వాతి ఒకటి సబ్‌వూఫర్. మన చెవికి 20 నుంచి 20,000 హెర్ట్జ్ దాకా వినే శక్తి ఉందని అంటారు. చవక సెట్లలో సబ్‌వూఫర్లు చాలావరకు 50 హెర్ట్జ్ చుట్టుపక్కలే ఆగిపోతాయి. ఆ ధరకు అది తప్పేమీ కాదు. "థియేటర్ సౌండ్" అని డబ్బా మీద రాసి ఉంటే ఆ మాటను పక్కన పెట్టండి.

వాట్ల విషయంలో చాలామంది మోసపోతారు. పీఎంపీవో అని వేలల్లో వేసే అంకెకు ఒప్పుకున్న కొలత ఏదీ లేదు. చూడవలసింది ఆర్‌ఎంఎస్, అంటే స్పీకర్ ఆగకుండా ఇవ్వగల శక్తి. లాజిటెక్ జెడ్313 ఎన్నో ఏళ్లుగా అమ్ముడవుతున్న సెట్. దాని పీక్ 50 వాట్లని చెప్తారు, ఆర్‌ఎంఎస్ 25 వాట్లే. క్రియేటివ్ పెబుల్ ప్లస్ ఆర్‌ఎంఎస్ అయితే 8 వాట్లే, యూఎస్‌బీ తీగతోనే నడుస్తుంది. బల్ల ముందు కూర్చునేవాడికి ఇవి సరిపోతాయి. వాట్లు రెట్టింపు చేస్తే శబ్దం పెరిగేది 3 డెసిబెళ్లే. చెవికి రెండింతలు అనిపించాలంటే దాదాపు పదింతల శక్తి కావాలి. కాబట్టి 20 వాట్ల సెట్‌కీ 40 వాట్ల సెట్‌కీ తేడా డబ్బా మీద కనిపించినంత గదిలో వినిపించదు. ఈ లెక్క తెలిసినవాడు అంకెను చూసి మురిసిపోడు, బెదరడు.

ఇక షాపు. విశాఖ ద్వారకానగర్‌లోనో మరోచోటో, అద్దాల తలుపు తోసుకుని లోపలికి వెళ్లగానే మన ఊరి పిల్లల్లో చాలామందికి గొంతు తగ్గిపోతుంది. యాస బయటపడుతుందేమోనని బెరుకు. "ఇంకోటి చూపించండి" అంటే విసుక్కుంటారేమోనని మొహమాటం. ఈ మొహమాటానికి మనం జీవితంలో కట్టే వెల స్పీకర్ల ధరకంటే ఎక్కువ. చదవాలని లేని కోర్సులో చేరేది దాని వల్లే, అర్థం కాని కాగితం మీద సంతకం పెట్టేదీ దాని వల్లే. దాన్ని వదిలించుకోవడానికి రెండు వేల రూపాయల సరుకు దగ్గరే సాధన మొదలుపెట్టండి. ఒక వాక్యం ముందే నోటికి తెచ్చుకోండి: "అన్నా, నా ఫోన్లో పాట ఉంది, అది పెట్టి వినిపించండి." అంతే. గొంతు పెంచనక్కర్లేదు, క్షమాపణ చెప్పుకోనక్కర్లేదు. డబ్బు ఇచ్చేవాడికి వినే హక్కుంది. వాళ్లు కుదరదంటే నవ్వుతూ నమస్కారం పెట్టి పక్క షాపుకు వెళ్లండి. మొదటిసారి కాళ్లు వణుకుతాయి. మూడో షాపుకు వచ్చేసరికి మాట దానంతటదే వస్తుంది.

ఎందుకు మీ పాటే పెట్టించాలి? షాపులో మోగించే పాట ఆ స్పీకర్‌ని గొప్పగా చూపించడానికి ఏరి పెట్టుకున్నది. ధడేల్‌మనే దెబ్బలు, మధ్యలో మౌనం, మళ్లీ దెబ్బ. దానికి ఏ పెట్టె అయినా అదిరిపోతుంది. మీరు ఫోన్లో మూడు రికార్డులు పెట్టుకుని వెళ్లండి. ఒకటి, ఎవరైనా తెలుగులో మామూలుగా మాట్లాడినది, వార్తలో పాఠమో. రెండు, మీకు అక్షరం అక్షరం కంఠతా వచ్చిన సినిమా పాట. మూడు, మీ ఊరి థింసా.

ఆ మూడోది నా దృష్టిలో అన్నిటికన్నా గట్టి పరీక్ష. థింసాలో డప్పు, తుడుము కిందిస్థాయి మోతనిస్తాయి, ఊదే వాద్యమైన మోరి సన్నగా పైన సాగుతుంది, ఒకరి నడుం వెనక ఒకరు చేతులు కలిపి అడుగేసే ఆడవాళ్ల కాలి అందెలు ఇంకా పైన గలగలమంటాయి. మంచి సెట్‌లో తుడుము దెబ్బ పడి, ఆగి, తర్వాతి దెబ్బకు చోటిస్తుంది. నాసిరకం పెట్టెలో దెబ్బలన్నీ కలిసిపోయి ఒకటే హోరుగా "బూ" మంటుంది. ఏ దెబ్బ ఎక్కడ ముగిసిందో తెలియదు. మోరి చెవిని కోస్తోందంటే చిన్న స్పీకర్లు బాగాలేవు. అందెలు గరగరలాడినా అంతే. మాట్లాడే గొంతు బావిలోంచి వచ్చినట్టుంటే బాస్ నాబ్ తగ్గించి చూడండి. తగ్గించినా అలాగే ఉంటే ఆ సెట్ వద్దు. శబ్దాన్ని పూర్తిగా పెంచి ఒక నిమిషం వినండి. పెట్టె తానే గడగడా వణుకుతోందా? చేయి వేసి చూడండి. ఎండీఎఫ్ చెక్కతో చేసిన బరువైన పెట్టె పల్చటి ప్లాస్టిక్ పెట్టెకన్నా తక్కువ వణుకుతుంది. ఆఖరున పాట ఆపి, నాబ్ పైనే ఉంచి, దగ్గరగా చెవి పెట్టండి. గుయ్‌మనే శబ్దం బాగా వినిపిస్తే రాత్రిపూట అది మిమ్మల్ని విసిగిస్తుంది.

రెండు సెట్లను పోల్చేటప్పుడు ఒక జాగ్రత్త. కాస్త గట్టిగా మోగేది బాగుందనిపించడం మనిషి చెవికున్న బలహీనత. రెండింటి శబ్దాన్నీ సమానంగా పెట్టమనండి. తర్వాత వెనక్కి తిరిగి నిలబడండి, తోడు వచ్చినవాణ్ణి ఏది మోగుతోందో చెప్పకుండా మార్చమనండి. కాఫీ దగ్గరా ఇదే పద్ధతి. అరకు లోయ అరబికా కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ కాఫీ నాణ్యత తేల్చేవాళ్లు కూడా ఏ గిన్నెలో ఏ తోట గింజ ఉందో తెలియకుండానే రుచి చూసి మార్కులు వేస్తారు. పేరు కనబడితే నాలుక పేరుకే మార్కులేస్తుంది. చెవీ అంతే. ఎఫ్ అండ్ డీ, జెబ్రోనిక్స్, ఫిలిప్స్, లాజిటెక్, క్రియేటివ్ లాంటి పేర్లన్నీ బజారులో ఉన్నాయి. వీటిలో ఏది గొప్పదో నేను చెప్పను. మీరు వెనక్కి తిరిగి విన్నప్పుడు నచ్చినదే మీకు గొప్పది.

ఇల్లు కదిలేముందే గరిష్ఠం ఎంతో కాగితం మీద రాసుకోండి. రెండున్నర వేలంటే రెండున్నర వేలే. "ఇంకో ఎనిమిది వందలు వేస్తే రంగు లైట్లున్నది వస్తుంది" అంటారు. లైట్లు పాడవు. బ్లూటూత్ ఉంటే మంచిదే, అయితే సినిమా చూసేటప్పుడు పెదాలకూ మాటకూ పొత్తు కుదరకపోవచ్చు, అందుకని 3.5 మిల్లీమీటర్ల ఆక్స్ తీగ పెట్టుకోవడానికి చోటు ఉందో లేదో చూసుకోండి. నచ్చినది దొరకలేదా? ఖాళీ చేతులతో బస్సెక్కండి. అంత దూరం వచ్చాం కదా అని ఏదో ఒకటి పట్టుకెళ్లడం ఖర్చయిన ఛార్జీల కోసం మరో రెండు వేలు పారేసుకోవడమే.

పట్టణంలో అమ్మేవాళ్లు చెప్పని కొన్ని సంగతులు కొండ మీద వాడేవాళ్లు గుర్తుంచుకోవాలి. విశాఖ నుంచి అరకు సుమారు 115 కిలోమీటర్లు. చెడిపోతే పట్టుకెళ్లి చూపించడం ఒక రోజు పని. అందుకని సర్వీసు సెంటర్ విశాఖలో ఉందో లేదో ముందు అడగండి, బిల్లు మీద తేదీ, షాపు ముద్ర వేయించుకోండి, ఘాట్ రోడ్డులో కుదుపులకు పనికొచ్చే థర్మాకోల్‌తో సహా డబ్బా దాచండి. కరెంటు తరచూ పోయే ఊరైతే యూఎస్‌బీతో నడిచే సెట్ మేలు, ల్యాప్‌టాప్ బ్యాటరీ మీదా మోగుతుంది. ఉరుములు మొదలైతే ప్లగ్గు పీకేయండి. స్విచ్ ఆపితే చాలదు. వానాకాలం చెమ్మకు కాగితపు కోన్లు మెత్తబడతాయి, బూజూ పడుతుంది. పెట్టెను మట్టినేల మీద నేరుగా పెట్టకుండా పీట వేయండి, పొయ్యి పొగకు దూరంగా ఉంచండి, వారంలో కొన్నిసార్లయినా మోగించండి.

ఎక్కడ పెట్టాలన్నదానికీ చెవే దారి చూపిస్తుంది. 50 హెర్ట్జ్ శబ్దం ఒక అల దాదాపు 7 మీటర్ల పొడవుంటుంది, మీ గదికంటే పెద్దది. అందుకే గదిలో ఒకచోట బాస్ ఎక్కువగా, ఇంకోచోట అసలు లేనట్టుగా ఉంటుంది. సబ్‌వూఫర్‌ని తీసుకెళ్లి మీరు కూర్చునే కుర్చీలో పెట్టండి. పాట పెట్టి, మీరు గోడల వెంట వంగి నడవండి. తుడుము ఎక్కడ తేటగా వినిపిస్తే పెట్టెను అక్కడ దించండి. మూలకు నెట్టేస్తే మోత పెరుగుతుంది గానీ మాటలు మునిగిపోతాయి. చిన్న స్పీకర్లు రెండూ కూర్చున్నప్పుడు మీ చెవి ఎత్తుకు వచ్చేలా, మీ వైపు తిప్పి పెట్టండి. కొత్త సిమెంటు ఇళ్లలో గోడలు ప్రతిధ్వనిస్తాయి. ఎదుటి గోడకు ఒక కంబళి వేలాడదీస్తే మోరి గొంతు నెమ్మదిస్తుంది.

కొన్న మర్నాడు పక్కింటి అవ్వ దగ్గరకు వెళ్లి "అవ్వా, నా పాటల మోత మీ ఇంట్లోకి వస్తోందా?" అని అడగండి. బాస్ గోడలు దాటి వెళ్తుంది, సన్నని శబ్దాలు గోడ దగ్గరే ఆగిపోతాయి. మీకు పాట వినిపిస్తున్నప్పుడు ఆవిడకు గుండె మీద గుద్దుతున్నట్టు దెబ్బలు మాత్రమే వినిపిస్తాయి. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం ఇళ్లుండే చోట పగలు 55, రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా 45 డెసిబెళ్లే హద్దు. ఆవిడ రాత్రి తొమ్మిదికే పడుకుంటానంటే మీ హద్దు తొమ్మిదే. చాలా సెట్లలో బాస్‌కి విడిగా నాబ్ ఉంటుంది. ఆ వేళ దాటాక దాన్ని సున్నాకు తిప్పేసి, చిన్న స్పీకర్లతోనే పాఠాలు వినండి.