మూల పరావర్తకం: రాడార్ ఉపగ్రహానికి తూకపురాయి

2025 జులై 30న శ్రీహరికోట నుంచి కక్ష్యకు చేరిన నైసార్ లాంటి రాడార్ ఉపగ్రహం పంపే చిత్రంలోని వెలుగును కొలతగా మార్చాలంటే, ఎంత ప్రతిధ్వని ఇస్తుందో ముందే తెలిసిన గుర్తు నేల మీద ఉండాలి. ఒకదానికొకటి లంబంగా కలిసిన మూడు లోహపు పలకల మూల పరావర్తకం అలాంటిదే. తరంగాన్ని వచ్చిన దిక్కుకే తిప్పి పంపుతుంది. త్రిభుజాకార పలకలైతే, లంబ భుజం నాలుగో ఘాతాన్ని తరంగదైర్ఘ్యపు వర్గంతో భాగించి 4.19తో గుణిస్తే గరిష్ఠ రాడార్ మధ్యచ్ఛేద వైశాల్యం వస్తుంది. మీటరు భుజానికి 5.6 సెం.మీ. సీ-బ్యాండ్‌లో అది దాదాపు 1,336 చదరపు మీటర్లు. నైసార్ వాడే 24 సెం.మీ. ఎల్-బ్యాండ్‌లో 73 మాత్రమే. తేడా పూడ్చాలంటే భుజం రెండు మీటర్లు దాటాలి.

పలకలు పెంచితే సరిపోదా అనవచ్చు. పెరిగేకొద్దీ గాలి తాకిడి పెరుగుతుంది, లంబకోణం చెదిరితే ప్రతిధ్వని బలం పడిపోతుంది. కడప జిల్లా మైదుకూరు వైపు నల్లరేగడిలో అయితే పలకకన్నా పునాదే అసలు చిక్కు: వానకు ఉబ్బి, ఎండకు నెర్రెలిచ్చే నేల దిమ్మెను కదిలిస్తుంది. దీనికి బదులు, తరంగాన్ని అందుకుని తిరిగి పంపే ఎలక్ట్రానిక్ ట్రాన్స్‌పాండర్ చిన్నదే, కానీ దానికి కరెంటు కావాలి, దాన్నీ తూచాలి. లోహపు మూలకు కావలసింది నీరు పోయే రంధ్రమే.