ఆక్టేను సంఖ్య యననేమి?

గత వేసవిలో మా పాఠశాల పూర్వవిద్యార్థి యొకడు గోదావరిఖనినుండి నాయొద్దకు వచ్చి, "అయ్యవారూ, వంద ఆక్టేను పెట్రోలు పోసినచో బండి బలము నిజముగా హెచ్చునా?" అని యడిగెను. వాని తండ్రి సింగరేణి గనిలో పనిచేయువాడు. దసరాకు వచ్చిన లాభాలవాటా సొమ్ముతో ఆయన యొక పాతకారును, టర్బో యున్నదానిని, కొనెను. ఎత్తు ఎక్కునప్పుడు, డబ్బాలో గులకరాళ్లు వేసి యాడించినట్లు, ఇంజనులో చప్పుడగుచుండెనట. ఎవరో చెప్పగా విని, ఖరీదైన పెట్రోలును, దానిపై సీసాలలో నమ్ము మందును పోయుచు, నెలజీతములో చెప్పుకోదగినంత భాగమును టాంకుపాలు చేయుచుండిరి. ఆ ప్రశ్నకు ఒక్కమాటలో బదులు చెప్పలేకపోతిని. అందుచేతనే ఈ వ్యాసము.

మొదట ఆ చప్పుడేమో తెలిసికొనవలెను. గాలియు పెట్రోలు ఆవిరియు కలిసి సిలిండరులో ప్రవేశించును. పిస్టను పైకి వచ్చి ఆ మిశ్రమమును దాదాపు పదవవంతు చోటిలోనికి నొక్కును. నొక్కబడిన వాయువు వేడెక్కును. సైకిలుపంపు అడుగుభాగమును ముట్టిచూచిన బాలురందరికిని ఈ సంగతి తెలియును. అంతట ప్లగ్గు నిప్పురవ్వ నిచ్చును. మంట ఆ రవ్వకడ బయలుదేరి, పొలమున ఎండుగడ్డి కాలినట్లు వరుసగా వ్యాపించి, పిస్టనును క్రిందికి త్రోయవలెను. అట్లుగాక, మంట చేరకముందే మూలనున్న మిశ్రమము, వేడికిని ఒత్తిడికిని తాళలేక, తనంతట తానే యొక్కసారిగా భగ్గుమన్నచో ఆ దెబ్బకు లోహము గణగణలాడును. దీనినే మెకానికులు నాకింగు అందురు. కాలుటకును ప్రేలుటకును గల భేదమును గనిపనివారి బిడ్డలకు నేను చెప్పనక్కరలేదు. నాకింగు తీవ్రమై కొనసాగినచో పిస్టను తల గుంటలుపడి తుదకు పగులును.

ఇట్లు తొందరపడి యంటుకొనకుండ ఏ యింధనము ఎంతవరకు తాళునో తెలుపు కొలతయే ఆక్టేను సంఖ్య. 1926వ సంవత్సరమున అమెరికాలో గ్రాహము ఎడ్గరు అను రసాయనశాస్త్రజ్ఞుడు రెండు ద్రవములను కొలబద్దగా నిలుపుటకు మార్గము చూపెను. ఐసో ఆక్టేను మిక్కిలి తాళును గనుక దానికి 100. నార్మల్ హెప్టేను తాళదు గనుక దానికి సున్న. ఒక పెట్రోలు పరీక్షాయంత్రములో 91 పాళ్లు ఐసో ఆక్టేనును 9 పాళ్లు హెప్టేనును గల మిశ్రమముతో సమానముగా ప్రవర్తించినచో దాని సంఖ్య 91. ఈ కొలతలో ఉష్ణశక్తి ప్రసక్తియే లేదని విద్యార్థులు గమనింతురుగాక. 91 గల లీటరుకంటె 100 గల లీటరులో ఎక్కువ వేడి దాగియున్నదనుకొనుట వట్టి భ్రమ. గనులలో మనము భయపడు మీథేను వాయువునకు ఈ లెక్కలో 120 వరకు సంఖ్య వచ్చునని తరగతిలో చెప్పినప్పుడు పిల్లలు నవ్విరి. కాని అది నిజము. సి.ఎన్.జి. ఆటోలు నడచుట ప్రధానముగా ఆ వాయువుతోనే గదా! మన ఓపెన్‌కాస్టు గనులలో తిరుగు డంపర్ల సంగతి దీనికి తలక్రిందులు. డీజిలు ఇంజనునకు ప్లగ్గే లేదు. నొక్కుడువేడికే యింధనము అంటుకొనవలెను. అచ్చట త్వరగా నంటుకొనుటయే సద్గుణము.

మరి పందెపుకార్లకు హెచ్చు ఆక్టేను ఏల? ఇంజను మిశ్రమమును ఎంత గట్టిగా నొక్కిన, అంతే వేడినుండి అంత ఎక్కువ పని రాబట్టవచ్చును. అంతగా నొక్కవలెనన్నచో తాళగల యింధనము కావలెను. 1940లో బ్రిటిషువారి మెర్లిన్ విమానయంత్రములు వెనుకటికంటె హెచ్చు ఒత్తిడిగల గాలిని ఓర్చుకొనగలిగినది 100 ఆక్టేను పెట్రోలు దొరకుటచేతనే. బలము ఇంజను నిర్మాణములో నున్నది. పెట్రోలు దానికి సెలవిచ్చునంతే. ఈ తాళుగుణమును చౌకగా పెంచుటకై 1921లో కనిపెట్టబడిన సీసపుమందు లోకమునంతటిని విషపూరితము చేసెను. మన దేశమున అది 2000లో నిషేధింపబడెను. ప్రపంచమున కార్లకు దాని అమ్మకము పూర్తిగా ముగిసినది 2021లో.

అంకెల విషయమున మరియొక చిక్కు. అమెరికాలోనున్న బంధువులు "మేము 87 పోయుచున్నాము, కారు చక్కగా నడచుచున్నది" అని ఫోనులో చెప్పగా, ఇచ్చటివారు 91 చూచి తమది మేలైనదని సంతోషింతురు. ఆ దేశమువారు రెండు పరీక్షల సగటును వ్రాయుదురు; మనము రిసెర్చి సంఖ్యయను నొక్కదానినే చూతుము. వారి 87 దాదాపు మన 91 లేక 92కు సమానము.

2020 ఏప్రిలునుండి వచ్చిన బి.ఎస్. 6 ప్రమాణమున సాధారణ పెట్రోలునకు కనీససంఖ్య 91. తరువాత ఇథనాలు వచ్చి చేరెను. నూటికి 20 పాళ్లు కలిపినచో సంఖ్య 95 సమీపమునకు చేరునని కేంద్రప్రభుత్వము 2025లో తెలిపెను. సారాయమును పెట్రోలులో కలుపుట మనకు క్రొత్తగాదు. నైజాము ప్రాంతమున కామారెడ్డిలో ఇప్పపూవునుండి పవర్ ఆల్కహాలు తీయు కర్మాగారముండెను. ఈ మిశ్రమమునకై 1948లోనే చట్టము వచ్చెను. అయితే ఇథనాలు లీటరులోని వేడి పెట్రోలులో మూడింట రెండువంతులే. సంఖ్య పెరిగియు మైలేజి కొంచెము తగ్గుటకు కారణమిదియే. సంఖ్య వేరు, శక్తి వేరు అనుటకు ఇంతకంటె సులభమైన నిదర్శనము నాకు కనబడలేదు.

ఇక నూరు సంఖ్యగల పెట్రోలు. ఇండియన్ ఆయిల్ సంస్థ 2020 డిసెంబరులో దానిని విడుదల చేసినప్పుడు ఢిల్లీలో లీటరు వెల 160 రూపాయలు; సాధారణ పెట్రోలునకు దాదాపు రెండింతలు. ఎవరికి తగును? కారుతో నిచ్చు పుస్తకమునందో పెట్రోలు మూతలోపలనో 95, 98 అని వ్రాసియున్న విదేశపు వేగపుకార్లకును, గట్టిగా నొక్కు మోటారుసైకిళ్లకును తగును. అట్టివానిలో నాకింగును పసిగట్టు పరికరము రవ్వను ఆలస్యముచేసి యింజనును కాపాడును గాని, బలము తగ్గును. మంచి యింధనము పోసిన ఆ బలము మరల వచ్చును. పుస్తకములో 91 అనియున్న నూరు సి.సి. బండికి మాత్రము ఆ వెల దండుగ.

మా విద్యార్థి కారు పుస్తకమును తెప్పించి చూడగా అందు 91 అనియే యున్నది. మరి చప్పుడెందులకు? రామగుండము ఎండలో, 45 డిగ్రీలు దాటిన దినములలో, లోనికి పోవు గాలియే వేడి. దానివలన నాకింగు హెచ్చును. బరువుతో నెమ్మదిగా పోవుచు పెద్దగేరులోనే లాగినను హెచ్చును. అయితే రాత్రి చల్లబడిన పిమ్మటగూడ ఆ చప్పుడు మానలేదని వాడు చెప్పుటచే, నాకు వేరొక అనుమానము కలిగి, రేడియేటరు చూడుమంటిని. దాని రేకులనడుమ బొగ్గుదుమ్ము, వానబురద కలిసి అట్టగట్టి సగము మూసికొనిపోయియుండెను. ఇంజను చల్లబడు దారి లేక లోపల వేడి నిలిచిపోవుచుండెనన్నమాట. ఖరీదైన పెట్రోలు ఆ తప్పును కొంతకాలము కప్పిపుచ్చెను. దానికి వారు ప్రతివారము సొమ్ము చెల్లించిరి.

నీటితో మెల్లగా కడిగి, పాత కూలెంటు మార్చి, సాధారణ పెట్రోలునే పోసిరి. మరునాడు తండ్రిని ఎక్కించుకొని మంథని దారిలో పోయివచ్చితినని, చప్పుడు లేదని వాడు చెప్పెను. మిగిలిన రెండు మందుసీసాలను దుకాణదారుడు తిరిగి తీసికొననన్నాడట. అవి యింకను వారి యింటి అటకమీదనే యున్నవి.