లోడుతో ఎత్తు ఎక్కని పికప్: మీ సాక్ష్యం జాబ్ కార్డులోనే ఉంది

మదనపల్లె వైపు నుంచి ఒక పాఠకుడు ఉత్తరం రాశారు. ఫైనాన్స్‌ మీద కొత్త డీజిల్ పికప్ తీసుకుని తనే నడుపుకుంటూ టమాటా బాడుగలకు తిప్పుతున్నారు. తిరుపతి నుంచి కిరాణా సరుకు వేసుకుని తిరిగొచ్చేటప్పుడు భాకరాపేట ఘాట్‌లో యాక్సిలరేటర్ తొక్కితే ఇంజిన్ ఒకటి రెండు సెకన్లు పలకదు. తర్వాత ఒక్కసారిగా జర్క్ కొట్టి లాగుతుంది. వెనక లారీ, పక్కన లోయ. వారంటీలో ఉన్న బండే కాబట్టి సర్వీస్ సెంటర్‌కి పలుమార్లు తీసుకెళ్లారు. అక్కడ మనిషికో మాట: నడిపి చూశాం, బాగానే ఉంది, డీజిల్ బాగోలేదు, ఓవర్‌లోడ్ వేస్తున్నావు. చివరికి, ఎల్లో బోర్డు బండి గనక కన్స్యూమర్ కోర్టులో కేసు నిలవదని చెప్పి పంపేశారు.

ముందు ఆ చివరి మాట సంగతి చూద్దాం. ఈ ఒక్క మాట నమ్మి ఎంతోమంది డ్రైవర్-ఓనర్లు ఫిర్యాదు ఊసే ఎత్తరు. వ్యాపారం కోసం వస్తువు కొన్నవారు వినియోగదారులు కారని వినియోగదారుల రక్షణ చట్టం, 2019 చెబుతుంది, నిజమే. కానీ అదే చట్టంలోని సెక్షన్ 2(7) కింద వివరణ కూడా ఉంది: స్వయం ఉపాధితో బతుకుతెరువు కోసమే కొని వాడుకుంటే అది వ్యాపార ప్రయోజనం కిందికి రాదు. పాత చట్టం ఉన్నప్పుడే, 1995లో, లక్ష్మీ ఇంజనీరింగ్ వర్క్స్ కేసులో సుప్రీంకోర్టు దీన్ని విడమరిచి చెప్పింది. సొంతంగా నడుపుకోవడానికి ఆటో కొన్నవాడు, లారీ కొన్నవాడు వినియోగదారుడే. సాయానికి ఒకరిద్దరిని పెట్టుకున్నంత మాత్రాన ఆ హోదా పోదు. పూర్తిగా వేరొకరి చేత నడిపించడానికే కొంటే మాత్రం వినియోగదారుడు కాడు. కాబట్టి క్లీనర్ ఉన్నాడని భయపడకండి. మీ పేరు మీద ఉన్న డ్రైవింగ్ లైసెన్సు, ఆర్‌సీ, బాడుగ చీటీలు దగ్గర పెట్టుకోండి. ఈ బండే నా జీవనాధారం, నేనే నడుపుతాను అన్న వాక్యం ఫిర్యాదులో తప్పనిసరిగా ఉండాలి. అది రాయకపోవడం వల్ల మొదటి మెట్టు మీదే పడిపోయే కేసులుంటాయి.

ఇక అసలు కష్టం రుజువు దగ్గర. బండి ఉన్నట్టుండి ఆగిపోతే అందరికీ కనిపిస్తుంది. ఈ సమస్య అలా కాదు, వస్తూ పోతూ ఉంటుంది. ఖాళీ బండిని సర్వీస్ సెంటర్ ముందు చదును రోడ్డు మీద తిప్పితే అసలు బయటపడదు. కాబట్టి జాబ్ కార్డులో "పికప్ ప్రాబ్లమ్" అని రెండు ముక్కలు రాసి ఊరుకోనివ్వకండి. "లోడుతో, మూడో గేరులో, ఎత్తు ఎక్కుతుండగా యాక్సిలరేటర్ తొక్కితే ఇంజిన్ వెంటనే అందుకోవడం లేదు, తర్వాత జర్క్ ఇస్తోంది" అని మీరు చెప్పింది చెప్పినట్టు రాయించండి. చెక్ ఇంజిన్ లైటు వెలిగిందా లేదా, కిలోమీటర్ల రీడింగ్ ఎంత, అవీ ఉండాలి. మెకానిక్‌ను పక్కన కూర్చోబెట్టుకుని లోడుతో రోడ్ టెస్ట్ చేయమని అడగండి. కుదరదంటే ఆ సంగతి కూడా కార్డు మీద రాయమనండి. రాయకపోతే అదే రోజు సర్వీస్ అడ్వైజర్‌కు వాట్సాప్‌లో పెట్టండి.

తొక్కగానే ఇంజిన్ అందుకోకపోవడానికి కారణాలు చాలానే ఉంటాయి. ఫ్యూయల్ ఫిల్టర్ మూసుకుపోవడం, డీజిల్‌లో నీళ్లు చేరడం, టర్బో నుంచి ఇంటర్‌కూలర్‌కు వెళ్లే హోస్ పైపు చిట్లి గాలి లీకవడం, ఈజీఆర్ వాల్వ్ మసి పట్టి ఇరుక్కోవడం, గాలిని కొలిచే సెన్సర్ గాని యాక్సిలరేటర్ పెడల్ సెన్సర్ గాని తప్పు రీడింగ్ ఇవ్వడం, రెయిల్‌లో డీజిల్ ప్రెషర్ నిలవకపోవడం, సైలెన్సర్ వైపు డీపీఎఫ్ నిండిపోవడం. బీఎస్-6 బండిలో వీటిలో చాలావాటి జాడ ఇంజిన్ కంప్యూటర్‌లో దొరుకుతుంది. స్కానర్ పెడితే కోడ్ వస్తుంది. పీ0087 అంటే రెయిల్ ప్రెషర్ తక్కువ, పీ0299 అంటే టర్బో బూస్ట్ తక్కువ. కోడ్‌తో పాటు, అది పడిన క్షణంలో ఇంజిన్ వేగం, ఇంజిన్ మీద పడిన లోడు ఎంతున్నాయో కూడా నమోదై ఉంటుంది. కోర్టులో మీకు బలం అదే. కానీ స్కానర్‌లో కోడ్ చెరిపేసిన మరుక్షణం ఆ వివరాలన్నీ పోతాయి. అందుకే చెరిపే ముందే ప్రింట్ అడగండి, లేదా స్క్రీన్ ఫోటో తీసుకోండి. కోడ్ ఏమీ రాకపోతే, లోడుతో బండి నడుస్తుండగా ఇంజిన్ కోరుతున్న రెయిల్ ప్రెషర్ ఎంత, నిజంగా ఉన్నది ఎంత అన్నది లైవ్ డేటాలో చూడమనండి. కోడ్ లేదు కాబట్టి లోపం లేదనడం సరికాదు.

డీజిల్ బాగోలేదంటే, ఆ మాట రాతపూర్వకంగా ఇమ్మనండి. ఫిల్టర్ విప్పేటప్పుడు దగ్గర నిలబడి, అందులోంచి వచ్చిన డీజిల్‌ను తెల్ల సీసాలో పట్టించి ఫోటో తీయండి. నీళ్లుంటే అడుగున పొరగా కనిపిస్తాయి. అది నిజమే అయితే మీ గొడవ బంకుతో, బండి కంపెనీతో కాదు. బంకు బిల్లులు దాచుకోండి. డీజిల్ సాంద్రత మన ముందే కొలిచి చూపమని అడిగే హక్కు ప్రతి కొనుగోలుదారుకూ ఉంది. ఓవర్‌లోడ్ అన్న ఆరోపణకు జవాబు కాటా చీటీలే. ఒక్కటి మాత్రం దాచకుండా చెప్పాలి: ఆర్‌సీలో ఉన్న బరువుకు మించి రోజూ వేస్తున్నట్టయితే కేసు బలహీనపడుతుంది. వారంటీ ఉండగా బయటి మెకానిక్‌తో ఇంజిన్ పార్టులు విప్పించినా అంతే.

రిపేరు అయిందని బండి అప్పగించేటప్పుడు "పూర్తి సంతృప్తి" అని ముందే అచ్చేసిన చోట సంతకం అడుగుతారు. సమస్య ఇంకా ఉంటే "లోడుతో పరీక్షించలేదు, సమస్య అలాగే ఉంది" అని రాసి, దాని కింద సంతకం పెట్టండి.

డీలర్‌తోనే మాట్లాడుతూ ఉండిపోకండి. తయారీ కంపెనీకి ఈమెయిల్‌తో పాటు రిజిస్టర్డ్ పోస్టులో నోటీసు పంపండి. డీలర్ చేసిన తప్పు మాకు తెలియదని కంపెనీలు కోర్టులో వాదిస్తాయి. నోటీసు అందిన రసీదు ఉంటే ఆ వాదన నిలవదు. ఖర్చు లేకుండా ముందు ప్రయత్నించాలంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది. అయినా కదలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో డీలర్, కంపెనీ ఇద్దరి మీదా ఫిర్యాదు వేయండి. మీరు కాపురముంటున్న జిల్లాలోనే వేయవచ్చు, కంపెనీ ఉన్న ఊరికి తిరగనక్కర్లేదు. బండికి చెల్లించిన ధర 50 లక్షల వరకు జిల్లా కమిషన్ పరిధే. ఫీజు 5 లక్షల వరకు లేదు, 10 లక్షల వరకు 200 రూపాయలు, 20 లక్షల వరకు 400. వకీలు తప్పనిసరి కాదు. ఈ-జాగృతి పోర్టల్‌లో ఆన్‌లైన్‌గా కూడా దాఖలు చేయవచ్చు.

కారణం తలెత్తిన నాటి నుంచి రెండేళ్లలోపు వేయాలి. వచ్చే సర్వీస్‌లో చూద్దాం అన్న మాటలు వింటూ కూర్చుంటే ఆ గడువు కరిగిపోతుంది.

కొత్త బండి ఇవ్వాలి అని ఒక్కటే కోరడం నా దృష్టిలో పొరపాటు. ఒక కార్ల కంపెనీ కేసులో 2006లో సుప్రీంకోర్టు, వారంటీ షరతు లోపమున్న పార్టు మార్చడమే అయినప్పుడు బండి మొత్తం మార్చమనడం కుదరదంది. తయారీలోనే లోపం ఉందని నిపుణుడి నివేదికతో తేలాలి. లోపం పరీక్షతో గాని తేలనప్పుడు ల్యాబ్‌కు పంపే అధికారం సెక్షన్ 38 కింద కమిషన్‌కు ఉంది. దానికి దరఖాస్తు మీరే పెట్టుకోవాలి, ఫీజు ముందు మీరే కట్టాలి. కాబట్టి కోరికలను వరుసగా రాయండి: లోపం ఉచితంగా సరిచేసి, బండి షెడ్డులో ఉన్నంత కాలానికి వారంటీ పొడిగించాలి, అది సాధ్యం కాకపోతే బండి మార్చాలి, లేదా డబ్బు వాపసు ఇవ్వాలి, ఏదైనా సరే, పోయిన బాడుగలకు పరిహారం, ఖర్చులు ఇవ్వాలి. పోయిన బాడుగలకు మండీ చీటీలు, బ్యాంకు ఖాతా వివరాలు జత చేయండి.

మరో సంగతి. బండి నడవడం లేదని కోపంతో ఫైనాన్స్ కంతులు ఆపకండి. అప్పు ఒప్పందం వేరు, వారంటీ వేరు. కంతులు ఆగితే ఫైనాన్స్ వాళ్లు బండిని పట్టుకుపోతారు. పరీక్షకు పంపాల్సిన బండే మీ చేతిలో లేకుండా పోతుంది.